ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్‌లో పీజీ: విజయవాడ, గుంటూరు విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ రెండు ఊళ్ల చుట్టుపక్కల బి.ఆర్క్. (ఆర్కిటెక్చర్ డిగ్రీ) చదువుతున్నవాళ్లు, చదివి ఉద్యోగంలో చేరినవాళ్లు, అప్పుడప్పుడు వ్యవసాయ, హార్టికల్చర్ పట్టభద్రులు అడిగేవన్నీ ఒకచోట చేర్చాం. కొన్నిటికి జవాబు నాలుగు వాక్యాల్లో సరిపోయింది. నీళ్లు, మట్టి, లెవెల్స్ (నేల ఎత్తుపల్లాల కొలతలు) దగ్గరికి వచ్చేసరికి మాత్రం తీరిగ్గా చెప్పాల్సి వచ్చింది. ఈ చదువులో బరువంతా అక్కడే ఉంది మరి.

తోటలు వేయడానికి రెండేళ్ల పీజీ ఎందుకండీ?

తోట ఇందులో ఒక భాగం, అదీ చివర్లో వచ్చేది. అంతకు ముందు తేల్చుకోవాల్సినవి చాలా ఉంటాయి. ఈ స్థలం మీద పడ్డ వాన ఎటు పోతుంది, పైనుంచి ఎవరి నీళ్లు ఇందులోకి వస్తున్నాయి, నేల వాలు ఎంత, మట్టి ఏ రకం, ఎండాకాలం మధ్యాహ్నం మనుషులు ఎక్కడ నిలబడగలరు, ఇక్కడ ముందు నుంచీ ఏ చెట్లు, ఏ పిట్టలు ఉన్నాయి. వీటికి కొలతలతో సహా జవాబు చెప్పి, ఆ జవాబును బట్టి నేల రూపాన్ని మార్చడమే ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ పని.

ఎకరం నేల మీద 100 మిల్లీమీటర్ల వాన కురిస్తే నాలుగు లక్షల లీటర్ల పైచిలుకు నీరు. మన దగ్గర తుపాను రోజున అది పెద్ద వానేమీ కాదు. ఆ నీటికి ముందే దారి చూపించకపోతే అదే దారి వెతుక్కుంటుంది, చాలాసార్లు పక్కవాడి ఇంట్లోంచి. 2024 సెప్టెంబర్ మొదటి రోజుల్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల దాకా వదలాల్సి వచ్చినప్పుడు, బుడమేరుకు గండ్లు పడి సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయినప్పుడు, ఈ చదువు దేనికో విజయవాడలో ఎవరికీ విడమరచి చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

ఎక్కడ చదవొచ్చు? మన ఊళ్లోనే ఉందా?

ఉంది. విజయవాడ ఐటీఐ రోడ్డులోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ (ఎస్పీఏ)లో ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్ పీజీ కోర్సు ఉంది. 2008లో పెట్టిన ఈ సంస్థకు 2014 చట్టంతో జాతీయ ప్రాముఖ్య సంస్థ హోదా వచ్చింది. అదే కుటుంబంలోని ఢిల్లీ, భోపాల్ సంస్థల్లోనూ ఈ కోర్సు ఉంది. ఢిల్లీలో 1970ల నుంచే నడుస్తోంది కాబట్టి దేశంలో ఈ వృత్తిలో ఉన్న పెద్దల్లో చాలామంది అక్కడివాళ్లే. అహ్మదాబాద్ సెప్ట్ విశ్వవిద్యాలయం, పుణెలోని బీఎన్‌సీఏ (భానుబెన్ నానావటి మహిళా ఆర్కిటెక్చర్ కళాశాల) కూడా పేరున్నవి.

ఎంచుకునేటప్పుడు ర్యాంకింగుల కంటే రెండు విషయాలు చూడండి. ఒకటి, స్టూడియో (డిజైన్ చేయించే తరగతి) నడిపేవాళ్లలో ల్యాండ్‌స్కేప్‌లోనే పీజీ చేసి బయట ప్రాజెక్టులు చేసినవాళ్లు ఎంతమంది. రెండోది, గత రెండు మూడేళ్ల థీసిస్‌ల జాబితా. ఆ జాబితాలో రిసార్టులు, థీమ్ పార్కులే నిండి ఉంటే ఒక రకం బడి; వాగులు, చెరువులు, గనులు తవ్వి వదిలేసిన నేలలు, పాత కోటలు కనిపిస్తే ఇంకో రకం. మా ఓటు రెండోదానికే.

బి.ఆర్క్. కాకుండా బీఎస్సీ అగ్రికల్చర్, హార్టికల్చర్ చేసినవాళ్లకు సీటు వస్తుందా?

ఎం.ఆర్క్. (ఆర్కిటెక్చర్ పీజీ) పేరుతో ఇచ్చే డిగ్రీకి ఐదేళ్ల బి.ఆర్క్. ఉండాలి. ల్యాండ్‌స్కేప్‌లో బ్యాచిలర్ డిగ్రీ ఉన్నవాళ్లను, ప్లానింగ్ చదివినవాళ్లను కొన్ని సంస్థలు తీసుకుంటాయి. ఆ సంవత్సరపు ప్రవేశ ప్రకటనలో అర్హత పేరాను అక్షరం అక్షరం చదవాలి.

వ్యవసాయం వైపు నుంచి వచ్చేవాళ్లకు దగ్గరి దారి వేరే ఉంది. ఎమ్మెస్సీ హార్టికల్చర్‌లో పూల సాగు, ల్యాండ్‌స్కేపింగ్ విభాగం అది. వెంకట్రామన్నగూడెంలోని వైఎస్సార్ ఉద్యాన విశ్వవిద్యాలయం మనకు దగ్గర. మొక్క ఎలా బతుకుతుంది, ఏ తెగులు వస్తుంది, నర్సరీ ఎలా నడపాలి అన్నది అక్కడ ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్ కోర్సులో కంటే లోతుగా చెబుతారు. డ్రాయింగు, లెవెల్స్, కట్టడాల జోలికి అంతగా పోరు. డిజైనే చేయాలన్న పట్టుదల ఉంటే విదేశాల్లో ఏ డిగ్రీ వాళ్లకైనా మూడేళ్ల మాస్టర్స్ ఉంటుంది. దాని గురించి కింద చెప్పాం.

గేట్ రాయాలా? పేపర్ ఎలా ఉంటుంది?

ఎస్పీఏల సీట్లకు గేట్ స్కోరు, ఆ తర్వాత సీసీఎంటీ అనే పీజీ సీట్ల ఉమ్మడి కౌన్సెలింగ్. మీరు రాయాల్సింది ‘ఏఆర్’ అనే ఆర్కిటెక్చర్ అండ్ ప్లానింగ్ పేపర్. మూడు గంటలు, 65 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో జనరల్ ఆప్టిట్యూడ్‌కు 15, అందరికీ ఉమ్మడిగా ఉండే పార్ట్ ఏకు 60, మీరు ఎంచుకునే పార్ట్ బీకి 25. పార్ట్ బీలో ఒకటి ఆర్కిటెక్చర్, రెండోది ప్లానింగ్. బి.ఆర్క్. వాళ్లు సాధారణంగా మొదటిది తీసుకుంటారు. ల్యాండ్‌స్కేప్, ఎన్విరాన్‌మెంటల్ ప్లానింగ్ ప్రశ్నలు ఉమ్మడి భాగంలోనే వస్తాయి కాబట్టి ఏది ఎంచుకున్నా వాటిని తప్పించుకోలేరు.

ఒకే జవాబు ఎంచుకునే ప్రశ్నల్లో తప్పుకు మూడో వంతు మార్కులు పోతాయి. అంకె టైపు చేసేవాటికి, ఒకటి కంటే ఎక్కువ జవాబులుండే ప్రశ్నలకు నెగటివ్ లేదు. చాలామంది అంకెల ప్రశ్నలంటే భయపడి వదిలేస్తారు. ఎఫ్‌ఏఆర్ (అంతస్తుల మొత్తం విస్తీర్ణానికి, స్థలానికి ఉన్న నిష్పత్తి), డెన్సిటీ, వాలు, తవ్వకం ఘనపరిమాణం, యూ వాల్యూ (గోడ, కప్పు గుండా వేడి పోయే రేటు) లాంటి ఏడెనిమిది రకాల లెక్కలే తిరిగి తిరిగి వస్తాయి. వాటి మీద ఒక నెల కూర్చుంటే మిగతా సిలబస్ మీద మూడు నెలలు పెట్టినంత ఫలితం ఉంటుంది.

దరఖాస్తులు ఆగస్టు చివర, సెప్టెంబర్‌లో, పరీక్ష ఫిబ్రవరిలో, ఫలితాలు మార్చిలో. స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. బి.ఆర్క్. మూడో ఏడాది నుంచే రాయొచ్చు కాబట్టి నాలుగో ఏడాదిలో ఒకసారి రాసి చూడటం మంచిది. ఐదో ఏడాది ఫిబ్రవరి అంటే మీ థీసిస్ నడుమ పడుతుంది. ఆ రెంటినీ ఒకేసారి మోయబోయి రెండూ పాడుచేసుకునేవాళ్లు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు.

సెప్ట్ లాంటి సంస్థలకు సొంత ప్రవేశ పద్ధతి ఉంది, గడువులు కూడా వేరు. గేట్ ఫలితం వచ్చాక చూద్దాంలే అనుకుంటే అక్కడ గేటు మూసేసి ఉండొచ్చు.

పోర్ట్‌ఫోలియోలో ఏం పెట్టాలి? కాలేజీలో ఒక్క ల్యాండ్‌స్కేప్ ప్రాజెక్టే చేశాను.

ఒక్కటి చాలు, సరిగ్గా పెడితే. ఇరవై, ముప్పై పేజీలు మించకండి. మీరు చేసిన ఏ భవనం ప్రాజెక్టయినా తీసుకుని, దాని సైట్ ప్లాన్‌ను మళ్లీ గీయండి. అసలు లెవెల్స్, మీరు ఇచ్చిన లెవెల్స్, వాన నీరు పోయే బాణాలు, ఉన్న చెట్లు, తీసేసినవి, కొత్తగా పెట్టినవి వేయండి. ఒక పొడవాటి సెక్షన్ (నేలను నిలువునా కోసినట్టు చూపే బొమ్మ) రోడ్డు దగ్గర మొదలై స్థలం అవతలి గట్టు దాటేదాకా ఉండాలి. చేత్తో గీసిన రెండు చెట్ల బొమ్మలు, అవీ ఎదురుగా కూర్చుని గీసినవి పెట్టండి. చూసేవాళ్లకు మీ కన్ను ఎలాంటిదో అందులో తెలుస్తుంది. మెరిసే రెండర్లు అందరి దగ్గరా ఉంటాయి.

రెండేళ్లలో ఏమేం చెబుతారు?

నాలుగు సెమిస్టర్లు. ప్రతి సెమిస్టర్‌లో ఎక్కువ క్రెడిట్లు, ఎక్కువ నిద్ర తినేసేది స్టూడియో. మొదటి స్టూడియో ఒక పార్కో క్యాంపసో అంత స్థలంతో మొదలై, మూడో సెమిస్టర్‌కు ఒక వాగు పరీవాహకమో నగరం అంచో అంత పెద్దదవుతుంది. చివరిది థీసిస్. పక్కన ఎకాలజీ, మొక్కల గుర్తింపు, ల్యాండ్‌స్కేప్ ఇంజినీరింగ్, చరిత్ర, జీఐఎస్ (కంప్యూటర్‌లో పటాల విశ్లేషణ), వృత్తి నిర్వహణ ఉంటాయి. మధ్య వేసవిలో ఆఫీసు శిక్షణ. పేర్లు సంస్థను బట్టి మారతాయి, సరుకు దాదాపు ఇదే.

లెక్కలు ఎంతవరకు రావాలి?

పదో తరగతి లెక్కలు చాలు. కానీ అవి చేతిలో ఉండాలి. రోజూ వాడేది వాలు లెక్క. 40 మీటర్ల దూరంలో 60 సెంటీమీటర్లు దిగితే ఒకటిన్నర శాతం. బండలు పరిచిన చోట ఒకటి నుంచి రెండు శాతం వాలు లేకపోతే నీళ్లు నిలుస్తాయి. వీల్‌చెయిర్ ర్యాంపు పన్నెండుకు ఒకటి మించకూడదు. గడ్డి వేసి కోత మెషీన్ నడపాల్సిన గట్టు మూడుకు ఒకటి కంటే నిటారుగా ఉంటే తోటమాలి అక్కడికి వెళ్లడు, ఏడాదిలో పిచ్చిమొక్కలు మొలుస్తాయి.

ఇక వాన నీటి లెక్క. క్యూ అంటే సెకనుకు ఎన్ని ఘనపు మీటర్ల నీరు. సి ఇంటూ ఐ ఇంటూ ఏ, మొత్తాన్ని 360తో భాగిస్తే అది వస్తుంది. సి అంటే పడ్డ వానలో పారిపోయే వాటా, ఐ గంటకు మిల్లీమీటర్లలో వాన జోరు, ఏ హెక్టార్లలో విస్తీర్ణం. రెండు హెక్టార్ల పొలం తీసుకోండి, అంటే దాదాపు ఐదెకరాలు. గంటకు 50 మిల్లీమీటర్ల వాన. పొలంగా ఉన్నప్పుడు సి 0.3 అనుకుంటే సెకనుకు 83 లీటర్లు పారతాయి. అక్కడే అపార్టుమెంట్లు, పార్కింగ్ వచ్చి సి 0.75 అయితే 208 లీటర్లు. తేడా సెకనుకు 125 లీటర్లు. ఆ వాన అరగంట కురిస్తే అదనంగా 225 ఘనపు మీటర్లు. అంటే 15 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు, ఒక మీటరు లోతు కుంట. ఆ కుంటను మీ డిజైన్‌లో ఎక్కడో ఒకచోట పెట్టాలి. లాన్‌ను ఒక అడుగు దించి పెడతారా, ఆటస్థలాన్ని వానాకాలంలో మడుగుగా వాడతారా అన్నది మీ తెలివి. పెట్టకపోతే ఆ నీరు కాలనీ బయట రోడ్డు మీద ఉంటుంది. సెకనుకు ఎన్ని లీటర్లో లెక్క వేయకుండా ‘రెయిన్ గార్డెన్’ (వాన నీరు ఇంకే పల్లపు తోట) అని ఆకుపచ్చ మచ్చ వేసే షీట్లు ప్రతి జ్యూరీలో, అంటే డిజైన్‌ను పరీక్షించే బృందం ముందు, కనిపిస్తాయి. అక్కడ పడే మొదటి ప్రశ్న అదే.

మన ప్రాంతం చదునుగా ఉంటుంది కదా, కాంటూర్లతో (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలతో) పనేముంది?

చదును నేలలోనే పని ఎక్కువ. కొండ మీద రెండు మీటర్లు తప్పు లెక్క వేసినా నీరు కిందికే పోతుంది. డెల్టాలో 20 సెంటీమీటర్లు తప్పితే వెనక్కి తంతుంది.

విద్యార్థులు ఎక్కువగా బోల్తా పడేది డేటా దగ్గర. సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 టోపోషీటులో కాంటూర్ల మధ్య తేడా 20 మీటర్లు. విజయవాడ కొండలకు, కొండపల్లికి, కొండవీడుకు అది పనికొస్తుంది. సింగ్‌నగర్‌కో తెనాలి రోడ్డుకో ఒక్క గీత కూడా రాదు. ఉచితంగా దొరికే 30 మీటర్ల ఉపగ్రహ ఎత్తుల డేటా (ఇస్రో పటాల పోర్టల్ భువన్‌లో కార్టోడెమ్, లేదా ఎస్‌ఆర్‌టీఎం) దించుకుని జీఐఎస్‌లో మీటరు కాంటూర్లు గీయిస్తే అందంగానే వస్తాయి, కానీ వాటిని నమ్మకూడదు. ఆ డేటాలోని పొరపాటే కొన్ని మీటర్లు ఉంటుంది. పైగా మామిడి తోట తలల్ని, ఇళ్ల డాబాల్ని కూడా అది నేలగానే లెక్కేస్తుంది. అలా వచ్చిన ‘లోయ’లో చెరువు పెట్టి, తీరా సైట్‌కు వెళ్తే అక్కడ దిబ్బ ఉంటుంది.

పరీవాహకం హద్దులు తెలుసుకోవడానికి ఆ డేటా వాడండి. డిజైన్ చేసే స్థలానికి ఆటో లెవెల్‌తోనో టోటల్ స్టేషన్‌తోనో (ఇవి సర్వే పరికరాలు) 10 మీటర్ల గ్రిడ్ సర్వే చేయండి. హెక్టారుకు దాదాపు వంద పాయింట్లు వస్తాయి. ముగ్గురు కలిస్తే ఒక రోజు పని. గ్రిడ్‌తో పాటు రోడ్డు అంచు, డ్రెయిన్ అడుగు, ప్రతి పెద్ద చెట్టు మొదలు లెవెల్ విడిగా తీయాలి. చెట్టు మొదట్లో మట్టి ఒక అడుగు పెంచినా, తగ్గించినా రెండు మూడేళ్లకు ఆ చెట్టు ఎండుతుంది. అందుకే ఆ లెవెల్ మార్చడానికి వీల్లేనిది.

ఊరి లెక్కలు కూడా చూడాలి. మీభూమి పోర్టల్‌లో గ్రామ పటం, ఎఫ్ఎంబీ (పొలం హద్దుల కొలతల పటం) దొరుకుతాయి. అందులో వాగు పోరంబోకు, డొంక, చెరువు అని రాసి ఉన్న సర్వే నంబర్లను నేటి ఉపగ్రహ చిత్రం మీద పరిస్తే నీళ్ల పాత దారి బయటపడుతుంది. ఇప్పుడు అక్కడ వెంచర్ రాళ్లు పాతి ఉన్నా సరే.

మొక్కల పేర్లు గుర్తుండటం లేదు. ఎన్ని రావాలి?

మొదటి ఏడాది చివరికి వంద, నూట ఇరవై మొక్కలను చూడగానే గుర్తుపట్టి, వాటి శాస్త్రీయ నామం, పెరిగే ఎత్తు, గొడుగు వెడల్పు, ఆకు రాల్చే కాలం, పూసే కాలం చెప్పగలిగితే మీరు బాగున్నట్టే. పుస్తకంలో చూసి బట్టీ పడితే నిలవవు. వారానికి ఐదు చెట్లు, ఒకే వీధిలో, అన్ని రుతువుల్లో చూడాలి. ఏప్రిల్‌లో పసుపు పూలతో వేలాడే రేల చెట్టును అందరూ గుర్తుపడతారు. నవంబర్‌లో గుర్తుపట్టడమే పరీక్ష. వేప, కానుగ, నేరేడు, పొగడ, ఏడాకుల పాల, తెల్లమద్ది, మోదుగ, నిద్రగన్నేరు, ఇలా వీధిలో, కాలువ గట్టున దొరికేవాటితో మొదలుపెట్టండి. తర్వాత కొండపల్లి అడవి. ఆంధ్ర లయోలా కళాశాల ఆవరణలో, నాగార్జున విశ్వవిద్యాలయంలో అనుమతి తీసుకుని ఒక ఉదయం తిరిగితే చాలా చెట్లు ఒకేచోట పరిచయమవుతాయి. మొక్క అమ్మకానికి ఏ సైజులో, ఏ సంచిలో వస్తుందో తెలియాలంటే కడియం నర్సరీలకు ఒకసారి వెళ్లి రావాల్సిందే.

హెర్బేరియం షీటుకు (ఎండబెట్టిన మొక్క నమూనా అతికించే కాగితం) వానాకాలంలో కొమ్మ కోస్తే వార్తాపత్రికలు మొదటి వారం రోజూ మార్చండి, లేకపోతే బూజు పడుతుంది. ఆకు వెనకవైపు కూడా కనిపించేలా ఒకటి తిప్పి నొక్కాలి.

ప్లాంటింగ్ ప్లాన్‌లో ఎక్కువమంది తప్పేది రెండు చోట్ల. మొదటిది, నర్సరీలో చూసిన సైజులో గీస్తారు. నిద్రగన్నేరు గొడుగు ఇరవై మీటర్ల వెడల్పు దాటుతుంది. దాన్ని నాలుగు మీటర్ల దూరాన వరసగా పెట్టి, పైన కరెంటు తీగలు కూడా చూపిస్తారు. రెండోది, సంఖ్య. 40 చదరపు మీటర్ల మడిలో 45 సెంటీమీటర్ల ఎడంతో పొదలు పెట్టాలంటే చదరపు మీటరుకు సుమారు ఐదు, అంటే దాదాపు 200 మొక్కలు, చచ్చేవాటికి పది శాతం కలిపితే 220. షెడ్యూల్‌లో 80 అని రాస్తే మడి నిండదు, కాంట్రాక్టర్ మాత్రం మీరు రాసిందే ఇస్తాడు.

తుపాను ప్రాంతమని మర్చిపోకండి. తురాయి పూసినప్పుడు చూడ్డానికి బాగుంటుంది, గాలికి కొమ్మలు విరిగి పడతాయి. పార్కింగ్ మీద వద్దు. త్వరగా పెరుగుతుందని కొనోకార్పస్ రాసేవాళ్లు గుజరాత్ 2023లో దాన్ని ఎందుకు నిషేధించిందో ముందు చదవాలి.

గుంటూరు వైపు నల్లరేగడిలో ఏది వేసినా పగుళ్లొస్తున్నాయి, చెట్లు చస్తున్నాయి. దీనికి చదువులో జవాబుందా?

ఉంది, ఇదే అసలు చదువు. నల్లరేగడి నీరు తాగితే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. దాని మీద నేరుగా ఇసుక పోసి పేవర్ బ్లాకులు పరిస్తే రెండు వానాకాలాల్లో అలలు తేలుతుంది. పైన 30 నుంచి 60 సెంటీమీటర్ల మట్టి తీసేసి గ్రావెల్ పొరలుగా పోసి, తడిపి, రోలర్‌తో తొక్కించాలి. అదొక్కటే సరిపోదు. పేవింగ్‌ను ఆనుకుని లాన్ ఉంటే రోజూ పెట్టే నీళ్లు అంచు కిందికి పోతాయి. అంచు ఉబ్బుతుంది, మధ్య అలాగే ఉంటుంది. అందుకని అంచున లోతైన కెర్బు గానీ, మధ్యలో పొడి పట్టీ గానీ ఇచ్చి లాన్‌ను దూరం జరపాలి. సెక్షన్‌లో ఇది గీయకపోతే సైట్‌లో ఎవరూ చేయరు.

చెట్ల సంగతి. అందరూ చెప్పేది మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతు గుంత తవ్వి, పాత మట్టి పారేసి, ఎర్రమట్టి, పశువుల ఎరువు నింపమని. నల్లరేగడిలో అలా చేస్తే చుట్టూ నీరు దిగని బంకమట్టి, మధ్యలో గుల్ల మట్టి. వాన నీరంతా గుంతలోకి చేరి బయటికి పోలేక వేర్లు కుళ్లుతాయి. మొక్క ఆకులు వాడిపోతే నీళ్లు చాల్లేదనుకుని ఇంకా పోస్తారు, అది ఇంకా త్వరగా చస్తుంది.

ముందు గుంతలో నీళ్లు నింపి ఇంకనివ్వండి. మళ్లీ నింపి గంటకు ఎంత దిగిందో స్కేలుతో చూడండి. 25 మిల్లీమీటర్ల కంటే తక్కువ దిగితే అక్కడ నీరు ఇంకదు. అలాంటి చోట గుంత లోతు తగ్గించి వెడల్పు పెంచాలి, తవ్విన మట్టిలోనే ఎరువు కలిపి తిరిగి నింపాలి, మొక్క మొదలు చుట్టుపక్కల నేల కంటే 10, 15 సెంటీమీటర్లు ఎత్తులో ఉండేలా దిబ్బ మీద నాటాలి. గుంత అడుగు నుంచి పక్క డ్రెయిన్‌కు దారి ఇవ్వగలిగితే మరీ మంచిది. ఆ నేలను ఓర్చుకునే తెల్లమద్ది, కానుగ, నేరేడు లాంటివి ఎంచుకుంటే సగం కష్టం తప్పుతుంది.

టెర్రస్ గార్డెన్లు కూడా సిలబస్‌లో ఉంటాయా?

ఉంటాయి, బరువు లెక్కతో సహా. తడిసిన మట్టి ఘనపు మీటరు దాదాపు 1,800 కిలోలు. 30 సెంటీమీటర్ల మందం పోస్తే చదరపు మీటరుకు 540 కిలోలు. మనుషులు ఎక్కే మామూలు డాబాకు బరువుల ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం లెక్కలోకి తీసుకునే లైవ్ లోడు (మనుషులు, సామాన్ల బరువు) చదరపు మీటరుకు 1.5 కిలోన్యూటన్లు, అంటే సుమారు 150 కిలోలు. తేడా మీకే కనిపిస్తోంది. స్ట్రక్చరల్ ఇంజినీర్ సంతకం లేకుండా పాత డాబా మీద మట్టి పోయించకూడదు.

ఏ సాఫ్ట్‌వేర్లు నేర్చుకోవాలి?

ఆటోక్యాడ్, స్కెచప్, ఫోటోషాప్ బి.ఆర్క్.లోనే వచ్చి ఉంటాయి. చేరేముందు క్యూజీఐఎస్ నేర్చుకోండి, అది ఉచితం. రైనో తర్వాత చూసుకోవచ్చు.

జ్యూరీలో ఎక్కువగా దెబ్బతినేది ఎక్కడ?

లెవెల్ లేని ప్లాన్ దగ్గర. నీటి బాణం ఎత్తు వైపు చూపిస్తున్న షీటు దగ్గర. చదును నేల సెక్షన్‌ను మామూలు స్కేలులో గీస్తే ఒక గీత తప్ప ఏమీ కనపడదు. నిలువు స్కేలు ఐదు రెట్లు పెంచి గీయండి, పెంచామని షీటు మీద రాయండి. రాయకపోతే మీ కాలువ గట్టు కొండలా కనపడి వేరే చర్చ మొదలవుతుంది. ఇంకొకటి, విశ్లేషణ షీట్లు పదిహేను వేసి, డిజైన్ వాటితో సంబంధం లేకుండా ఉండటం. నేల రకం పటం వేశారంటే అది డిజైన్‌లో ఏదో ఒక గీతను మార్చి ఉండాలి.

థీసిస్‌కు ఇక్కడి అంశాలు ఏవి బాగుంటాయి?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం మొదలుపెడితే ఆపడం కష్టం. బుడమేరు సంగతే చూడండి. వెలగలేరు దగ్గర రెగ్యులేటర్, అక్కడి నుంచి బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలిసే మళ్లింపు కాలువ, పాత ప్రవాహం మాత్రం కొల్లేరు వైపు. కృష్ణ నిండుగా ఉన్నప్పుడు మళ్లింపు కాలువ నీరు దిగదు, ఎగదన్నుతుంది. అలాంటప్పుడు ఆ నీరు ఆగడానికి చోటు ఎక్కడ అన్నది ఇంజినీర్లది ఎంతో ల్యాండ్‌స్కేప్ వాళ్లదీ అంతే. మొత్తం పరీవాహకాన్ని మీద వేసుకోకండి. పరీవాహకం విశ్లేషించి, అందులో రెండు మూడు కిలోమీటర్ల ముక్క వివరంగా డిజైన్ చేయండి.

విజయవాడ కొండవాలు ఇళ్లు మరొకటి. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండచరియలు విరిగిపడి మనుషులు చనిపోయారు. వాలు మీది మెట్లు, డ్రెయిన్లు, గోడలు, ఎక్కడ చెట్టు వేరు పట్టు ఇస్తుంది, ఎక్కడ వేరే రాయిని చీలుస్తుంది అన్నది చేతికి అందే సైజు అంశం. బందరు, ఏలూరు, రైవస్ కాలువల గట్లు, అమరావతిలో కొండవీటి వాగు, పాలవాగు, గుంటూరులో పీకలవాగు, గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టే ఉప్పలపాడు చెరువు, 2002 నుంచి అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్సర్ జాబితాలో ఉన్న కొల్లేరు. కొల్లేరు తీసుకుంటే ప్లస్ ఐదో కాంటూర్ (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత, అభయారణ్యం హద్దు) చుట్టూ ఉన్న బతుకుల గొడవ అర్థం చేసుకోకుండా పక్షుల బొమ్మలు వేస్తే ఆ థీసిస్ నిలవదు.

సైట్‌ను మే, ఆగస్టు, నవంబర్లలో చూడగలిగేలా అంశం ముందే ఖాయం చేసుకోండి. అదే చోట నిలబడి తీసిన మూడు ఫోటోలు పది పేజీల రాతకు సమానం. గట్టు మీద పశువులు మేపేవాళ్లను, లంకల్లో సాగు చేసేవాళ్లను అడగండి, నీరు ఏ ఏడాది ఎంతవరకు వచ్చిందో గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. ఆ గుర్తుకు లెవెల్ తీసుకుంటే మీ దగ్గర వరద డేటా ఉన్నట్టే. తెలుగు వచ్చినవాళ్లకు బయటి రాష్ట్రాల సహవిద్యార్థుల మీద ఉన్న పైచేయి ఇదే.

విదేశాల్లో చదివితే?

ఎంఎల్ఏ, అంటే మాస్టర్ ఆఫ్ ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్ డిగ్రీ. బి.ఆర్క్. ఉన్నవాళ్లకు సాధారణంగా రెండేళ్లు, వేరే చదువుల వాళ్లకు మూడేళ్లు. అమెరికాలో అక్కడి గుర్తింపు సంస్థ ఆమోదం ఉన్న కోర్సే చేయండి. తర్వాత లైసెన్సుకు ఎల్ఏఆర్ఈ పరీక్ష రాయాలి. బ్రిటన్‌లో ల్యాండ్‌స్కేప్ ఇన్‌స్టిట్యూట్ చార్టర్ పద్ధతి వేరు. తిరిగొచ్చి ఇక్కడ పనిచేయాలనుకుంటే అక్కడి చల్లటి ప్రాంతాల మొక్కల జ్ఞానం ఇక్కడ పనికిరాదు; పద్ధతి పనికొస్తుంది.

దేశంలో లైసెన్సు ఉందా? పేరు ముందు ఏమని రాసుకోవాలి?

విడిగా లైసెన్సు లేదు. 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం 37వ సెక్షన్ ‘ఆర్కిటెక్ట్’ అన్న పేరును నమోదైనవాళ్లకే పరిమితం చేస్తూ, ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టులకు, నౌకల ఆర్కిటెక్టులకు మినహాయింపు ఇచ్చింది. బి.ఆర్క్. ఉన్నవాళ్లు కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ నమోదు ఎలాగూ కొనసాగించుకోవాలి. వృత్తి సంఘంగా ఇసోలా (ఇండియన్ సొసైటీ ఆఫ్ ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్స్) ఉంది, విద్యార్థులూ చేరొచ్చు. పనిలోకి దిగాక నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016 పదో భాగం, చెట్లు కొట్టే విషయంలో 2002 నాటి వాల్టా చట్టం చేతికి అందుబాటులో ఉంచుకోండి.

స్కాలర్‌షిప్?

గేట్ అర్హతతో చేరినవాళ్లకు ఏఐసీటీఈ పీజీ స్కాలర్‌షిప్ నెలకు 12,400 రూపాయలు. మీ సంస్థకు, మీ కోర్సుకు, మీరు చేరే ఏడాదికి అది వర్తిస్తుందో లేదో ప్రవేశ ప్రకటనలో ఖాయం చేసుకున్నాకే బడ్జెట్ వేసుకోండి.

ఉద్యోగాలు ఎక్కడ? విజయవాడలో ఉండి బతకొచ్చా?

నిజం చెప్పాలంటే పెద్ద ల్యాండ్‌స్కేప్ ఆఫీసులు ఢిల్లీ, బెంగళూరు, అహ్మదాబాద్, పుణె, హైదరాబాద్‌లలోనే ఎక్కువ. మొదటి మూడేళ్లు అలాంటి చోట పనిచేసి, ఒక ప్రాజెక్టును కాగితం నుంచి చెట్టు నాటేదాకా చూసి రావడం మంచిది. ఇక్కడ సీఆర్డీఏ, అమరావతి పనులు చేసే కన్సల్టెన్సీలు, నగరపాలక సంస్థలు, పర్యావరణ ప్రభావ నివేదికలు రాసే సంస్థలు ఉన్నాయి. ఎం.ఆర్క్. ఉంటే ఆర్కిటెక్చర్ కళాశాలల్లో బోధన మరో దారి. సొంతంగా పెట్టుకునేవాళ్లకు మొదట వచ్చేవి విల్లాలు, కల్యాణ మండపాలు, ఆసుపత్రి ఆవరణలు. ఫీజు మొక్కల ఖరీదులో కమీషన్‌గా తీసుకోవడానికి ఒప్పుకోకండి. అలా ఒప్పుకుంటే ఖరీదైన తాటిజాతి మొక్కలు రాయాలన్న ఒత్తిడి మీ మీదే పడుతుంది, డ్రెయినేజీ డ్రాయింగుకు ఎవరూ డబ్బివ్వరు. డిజైన్ ఫీజు వేరు, సైట్ విజిట్లు ఎన్నో వేరు, ఏడాది నిర్వహణ పర్యవేక్షణ వేరు అని ఒప్పందంలో రాసుకోవాలి.

ఇప్పుడు బి.ఆర్క్. నాలుగో ఏడాది. వెంటనే మొదలుపెట్టదగ్గది?

మీ కాలేజీ ఆవరణకే లెవెల్ సర్వే చేయండి. ఆటో లెవెల్ సర్వేయింగ్ ల్యాబులో ఉంటుంది. వచ్చే పెద్ద వానకు గొడుగేసుకుని తిరిగి నీరు ఎక్కడ నిలిచిందో ఆ ప్లాన్ మీద పెన్సిల్‌తో గీయండి, లోతు స్కేలుతో కొలిచి పక్కన రాయండి. పోర్ట్‌ఫోలియోలో మొదటి పేజీకి అది సరిపోతుంది.